ఒకే 118, ఒకరోజు సాస్, ఇంకోరోజు రాయి: ఒక కారమెల్ కేసు

నేను ఇంట్లోనే చిన్న చిన్న బ్యాచ్‌లుగా కారమెల్స్ చేస్తాను, కొంత ఆర్డర్ల మీద, కొంత నేర్పించడానికి. నేర్చుకోడానికి వచ్చేవాళ్ళలో సగం మంది "మంచి రెసిపీ ఒకటి చెప్పండి చాలు" అంటారు, తీరా చూస్తే వాళ్ళ దగ్గరున్న రెసిపీలో తప్పేమీ ఉండదు. ఈ కేసు కూడా అంతే. ఒకావిడ మూడు నెలల్లో ఏడు బ్యాచ్‌లు చేసింది, అందులో సరిగ్గా కుదిరింది ఒక్కటి, ఆ ఒక్కటి ఎందుకు కుదిరిందో ఆవిడకీ తెలీదు, మొదట్లో నాకూ తెలీలేదు, పైగా నా వల్లే కుదిరింది అనుకుని ఒక వారం పాటు ఛాతీ విరుచుకుని తిరిగాను కూడా. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఆవిడకి కావాల్సింది మెత్తగా నమిలే కారమెల్ ముక్కలు. సాస్ కాదు, గట్టి టాఫీ కాదు. కత్తితో కోస్తే అంచు నిలబడాలి, నోట్లో వేసుకుంటే పళ్ళకి పని పెట్టకుండా కరగాలి. చెప్పడానికి ఒక్క లైనే కానీ ఈ రెండింటి మధ్య ఉన్న సందు చాలా చిన్నది, ఒక నాలుగైదు డిగ్రీలు అంతే.

ఆవిడ కొలతలు ఇవి: పంచదార 400 గ్రాములు, నీళ్ళు 100, క్రీమ్ 300, వెన్న 100, ఉప్పు 6 గ్రాములు. పంచదార నీళ్ళతో మరిగించి రంగు రానిచ్చి, క్రీమ్ వెన్న వేసి, మళ్ళీ 118 డిగ్రీల సెల్సియస్ వచ్చేదాకా ఉడికించి బటర్ పేపర్ వేసిన ట్రేలో పోయడం. ఇందులో నేను వంక పెట్టేది ఒక్కటే, గ్లూకోజ్ సిరప్ లేకపోవడం, దాని సంగతి కింద వస్తుంది. మిగతాదంతా ఎవరైనా రాసే రెసిపీనే.

మంచి విషయం ఏంటంటే ఆవిడ ఫోన్‌లో ప్రతి బ్యాచ్‌కీ రెండు మూడు లైన్లు నోట్స్ రాసుకుంది. ఇది ఎంతమంది చేస్తారు చెప్పండి. ఆ నోట్స్ లేకపోతే ఈ కేసు తేలేదే కాదు. క్లుప్తంగా ఇలా ఉంది:

మొదటిది, 118కి దించింది, ట్రేలో ఆరలేదు, చెంచాతో తీసుకుని తినే రకం. రెండోది, "ఈసారి పంచదార ఇంకా ముదురు రంగు వచ్చేదాకా ఉంచాను, 118, చేదు, ఇంకా జిగటే". మూడోది రంగు రాకముందే పలుకులు కట్టేసింది, పారబోసింది. నాలుగోది విరిగిపోయి పైన నెయ్యి తేలింది, అదీ పారబోసింది. అయిదోది సగం కొలతలతో చేసింది (వేస్ట్ అవుతోందని భయం, పాపం), 118కే దించింది, రాయి. ట్రే నుంచి ఊడతీయడానికి సుత్తి పట్టుకోవాల్సి వచ్చిందని రాసుకుంది. ఆరోది అద్భుతం. ఏడోది మళ్ళీ మరీ మెత్తన, ముక్కలు కోసి డబ్బాలో పెడితే తెల్లారేసరికి అన్నీ కలిసిపోయి ఒకటే ముద్ద.

అయిదో బ్యాచ్ తర్వాత ఆవిడ నన్ను అడిగింది. నేను మొదట క్రీమ్ మీద పడ్డాను. ఎందుకంటే ఆవిడ వాడేది కొవ్వు తక్కువున్న వంట క్రీమ్, నాలుగోది విరిగింది కూడా, సో నాకు కథ మొత్తం అక్కడే దొరికిపోయినట్టు అనిపించింది. 35 శాతం కొవ్వున్న విప్పింగ్ క్రీమ్‌కి మారమన్నాను. ఆరో బ్యాచ్ దాంతోనే చేసింది, అద్భుతంగా వచ్చింది, ఫోటో పంపింది, నేను "చెప్పానా" అన్నాను. అదే క్రీమ్‌తో, అవే కొలతలతో, అదే 118కి ఏడోది చేసింది. మునిగిపోయింది. అప్పుడు కదా నేను నోట్స్ మొత్తం పంపమని అడిగింది, మొదటే అడగాల్సిన పని.

అందులో ఆరో బ్యాచ్ దగ్గర ఒక లైను ఉంది, ఇప్పటికీ గుర్తు: "ఫోన్ వచ్చింది, దించడం లేట్ అయింది, ముల్లు 122 దాకా పోయింది, పాడైందనుకున్నా, కానీ బాగుంది."

క్రీమ్ కాదు, ఫోన్ కాపాడింది ఆ బ్యాచ్‌ని.

సో ఆవిడని గిన్నె, గరిటె, థర్మామీటర్ అన్నీ పట్టుకుని మా ఇంటికి రమ్మన్నాను. నా రూల్ ఒకటుంది, మొదటి బ్యాచ్ వాళ్ళు ఇంట్లో ఎలా చేస్తారో అలాగే చేయాలి, నేను నోరు మూసుకుని చూస్తాను. ఇది చాలా కష్టం, చేతులు కట్టేసుకోవాలి. కానీ మనం మధ్యలో "అలా కాదు ఇలా" అంటే అసలు తప్పు బయటికి రాదు.

చూసినవి చెప్తాను. గిన్నె నల్లటి నాన్ స్టిక్, 16 సెంటీమీటర్ల వెడల్పు. థర్మామీటర్ గుండ్రటి డయల్, ముల్లు తిరిగే రకం, కాడ పొడుగ్గా ఉంటుంది, గిన్నె అంచుకి క్లిప్ పెట్టి ఏటవాలుగా దించుతుంది. పంచదార మరగడం మొదలయ్యాక కూడా గరిటెతో తిప్పుతూనే ఉంది. క్రీమ్ ఫ్రిజ్‌లోంచి తీసి అలాగే ఒక్కసారిగా పోసింది, గిన్నె బుస్సుమని లేచింది, అడుగున పంచదార గడ్డకట్టుకుపోయింది, దాన్ని కరిగించడానికి మంట పెద్దది చేసింది. ముల్లు 118 మీదకి వచ్చిన క్షణంలో, నిజంగా ఆ క్షణంలోనే, దించేసింది. ఆవిడ చాలా క్రమశిక్షణ ఉన్న మనిషి. అదే ఇక్కడ కొంప ముంచింది, ముల్లు చెప్పిన అబద్ధాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించింది.

ఎందుకంటే ఆవిడ పోస్తున్నప్పుడు నేను నా డిజిటల్ ప్రోబ్ ముంచి చూశాను. 114.

తర్వాత ఒక లోతు గిన్నెలో నీళ్ళు తెర్లించి రెండు థర్మామీటర్లూ పక్కపక్కన పెట్టాను. నాది 100, ఆవిడది 104. అంటే ముల్లు నాలుగు డిగ్రీలు ఎక్కువ చూపిస్తోంది. 118 అంటే నిజానికి 114, 122 అంటే నిజానికి 118. ఆరో బ్యాచ్ ముడి అక్కడే విడిపోయింది.

మరి అయిదోది రాయి ఎందుకైంది? అదే థర్మామీటర్, అదే 118. ఎక్కువ చూపించే థర్మామీటర్‌తో ఎప్పుడూ మెత్తగానే రావాలి కదా, గట్టిగా రాకూడదు. ఇక్కడ నేను ఒక పూట ఇరుక్కున్నాను. రకరకాలుగా అనుకున్నాను, మంట అని, ట్రే అని. చివరికి ఆ బ్యాచ్‌లో తేడా ఏంటి అంటే సగం కొలతలు, అంతే కదా, సరే సగం కొలతలే చేసి చూద్దాం అని అదే గిన్నెలో మళ్ళీ చేయించాను. గిన్నె అదే వెడల్పు, సరుకు సగం, సో లోతు కూడా సగం. ఈ డయల్ థర్మామీటర్ల కాడ లోపల రెండు లోహాలు కలిపి చుట్టిన స్ప్రింగు లాంటిది ఉంటుంది, వేడికి అది మెలి తిరిగితే ముల్లు కదులుతుంది. ఆ స్ప్రింగు కాడ కొసలోనే ఉండదు, కొస నుంచి పైకి ఒక అయిదారు సెంటీమీటర్లు ఉంటుంది. ఆ మేరా పాకంలో మునిగితేనే సరైన అంకె. ఫుల్ బ్యాచ్‌లో ఏటవాలుగా పెడితే దాదాపు మునుగుతోంది, సగం బ్యాచ్‌లో కొస మాత్రమే తడుస్తోంది, మిగతాది ఆవిరిలో ఉంది. నా డిజిటల్ 118 చూపిస్తున్నప్పుడు ఆవిడ ముల్లు 109 దగ్గర తాపీగా కూర్చుని ఉంది. ఇక అది 118కి వచ్చేదాకా ఆగితే లోపల పాకం ఎక్కడికి పోయి ఉంటుందో మీరే ఊహించుకోండి.

అంటే ఒకే థర్మామీటర్ నిండా మునిగితే ఎక్కువ చెప్తోంది, సగం మునిగితే తక్కువ చెప్తోంది. ఆవిడ మూడు నెలలు రెసిపీని మారుస్తూ పోయింది.

ఇక్కడ ఒక్క విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా దగ్గరికొచ్చే కేసుల్లో సగం ఇక్కడే ఉంటాయి. కారమెల్ చేసేటప్పుడు వేడి రెండు సార్లు చూస్తాం. మొదటిసారి పంచదార ఒక్కటే ఉన్నప్పుడు, 170 అటూ ఇటూ. రెండోసారి క్రీమ్, వెన్న పడ్డాక, 118 అటూ ఇటూ. చాలామంది ఇవి రెండూ ఒకే వరసలో ఉన్న మెట్లు అనుకుంటారు, అంటే మొదట బాగా ముదిరిస్తే ముక్క గట్టిగా వస్తుందని. ఆవిడ రెండో బ్యాచ్‌లో చేసింది అదే, మెత్తగా వచ్చింది కాబట్టి పంచదారని ఇంకా నల్లగా చేసింది.

కానీ మొదటి వేడి రుచిది, రంగుది. రెండో వేడి గట్టితనానిది. క్రీమ్ పోయగానే 170లో ఉన్నది ఒక్కసారిగా 100 పైచిలుకుకి పడిపోతుంది, ఎందుకంటే క్రీమ్‌లో నీళ్ళున్నాయి, ఆ నీళ్ళు ఉన్నంతసేపూ ఎంత మంట పెట్టినా వేడి పైకి పోదు, ఆవిరవడానికే ఖర్చయిపోతుంది. నీళ్ళు తగ్గే కొద్దీ పాకం చిక్కబడి, మరిగే వేడి పెరుగుతుంది. సో 118 అనే అంకె నిజానికి మనకి చెప్పేది లోపల ఎంత నీరు మిగిలింది అని. ఒట్టి పంచదార పాకం లెక్కలో చూస్తే 113 దగ్గర సుమారు 85 శాతం పంచదార ఉంటుంది, 118, 120 దగ్గరికి వచ్చేసరికి 87 దాకా, అంటే రెండు శాతం నీళ్ళ తేడాకే లేత ఉండపాకం కాస్తా ముదురు ఉండపాకం అవుతుంది. క్రీమ్ వెన్న ఉన్నప్పుడు ఈ శాతాలు ఇవే ఉండవు, కానీ పద్ధతి ఇదే. నాలుగు డిగ్రీల తప్పు ఎందుకు అంత పెద్దదో ఇప్పుడు అర్థమవుతుంది.

ఇంకో తమాషా ఏంటంటే ముదురు రంగు వల్ల గట్టిపడకపోగా జిగట పెరుగుతుంది. పంచదార అంత వేడిలో విరిగి వేరే వేరే పదార్థాలు అవుతుంది, వాటికి గడ్డకట్టే గుణం తక్కువ, గాల్లో తేమని లాగే గుణం ఎక్కువ. సో ఆవిడ రెండో బ్యాచ్ చేదుగా, ఇంకా జిగటగా రావడం వింత కాదు, చేసిన పనికి అదే రావాలి.

మాటలతో చెప్తే ఎవరూ నమ్మరు కాబట్టి నేను ఒక పని చేయిస్తాను, దాన్ని నిచ్చెన అంటాను. ఒకే గిన్నె, ఒకే బ్యాచ్, క్రీమ్ పడ్డాక నా డిజిటల్ మీద 112 రాగానే ఒక చెంచాడు తీసి బటర్ పేపర్ మీద వేసి పక్కన పెన్సిల్‌తో అంకె రాయాలి. తర్వాత 115, 118, 121, 124. గంట ఆరనివ్వాలి. ఆవిడ చేత రెండుసార్లు చేయించాను, ఒకసారి లేత తేనె రంగు పంచదారతో, ఒకసారి బాగా ముదురు ఎరుపు గోధుమ రంగుతో. ఆరాక 112 బొట్టు కాగితం వంచితే జారిపోతోంది. 115 ది నిలబడుతుంది కానీ అంచులు మెల్లగా పరుచుకుంటాయి, అరగంట తర్వాత చూస్తే ఇందాకటి కంటే వెడల్పుగా ఉంటుంది. 118 వేలితో నొక్కితే గుంట పడి, మెల్లగా సగం వెనక్కి వస్తుంది, కాగితం నుంచి శుభ్రంగా ఊడుతుంది, నోట్లో వేసుకుంటే మొదటి రెండు కొరుకులు పడ్డాక మెత్తబడిపోతుంది. 121 ఇంకొంచెం నమలాలి, అదీ బాగుంటుంది, నాకైతే అదే ఇష్టం. 124 దవడకి పని. లేత రంగు వరస, ముదురు రంగు వరస పక్కపక్కన పెట్టి కళ్ళు మూసుకుని నొక్కి చూడమన్నాను, ఏది ఏ వరసో ఆవిడ చెప్పలేకపోయింది. రుచి చూడగానే చెప్పేసింది.

ఆ అయిదు బొట్ల కాగితం ఆవిడ ఫోటో తీసుకుని ఫ్రిజ్ మీద అంటించుకుందట. నేను రాసిచ్చిన రెసిపీ ఎక్కడ పెట్టిందో తెలీదు.

మార్చినవి ఏంటంటే, అన్నిటికంటే ముందు థర్మామీటర్. కొత్తది కొనమని అనలేదు, ఉన్నదాంతోనే చేయొచ్చు. చేసే రోజు ముందు నీళ్ళు తెర్లించాలి, ముల్లు ఎక్కడ నిలబడిందో చూడాలి, దానికి 18 కలపాలి, అదే ఆ రోజు దించాల్సిన అంకె. ఆవిడ డయల్‌కి 104 కి 18 కలిపితే 122. ఇందులో ఇంకో లాభం ఉంది, ఎత్తైన చోట్ల ఉండేవాళ్ళకి కూడా ఇదే లెక్క పనికొస్తుంది, ఎందుకంటే సముద్ర మట్టం నుంచి సుమారు 300 మీటర్లు పైకి పోయే కొద్దీ నీళ్ళు మరిగే వేడి ఒక డిగ్రీ తగ్గుతుంది, పాకానిదీ అలాగే తగ్గుతుంది, మనం తేడాని చూస్తున్నాం కాబట్టి రెండూ ఒకేసారి సరిపోతాయి. నీళ్ళు సళసళా మరగాలి, అడుగున బుడగలు వస్తున్నప్పుడు చూస్తే లాభం లేదు. కాడ కొస అడుగుకి తగలకూడదు, తగిలితే గిన్నె వేడి చూపిస్తుంది.

కానీ ఈ సర్దుబాటు 118 చుట్టుపక్కలకే. 100 దగ్గర నాలుగు డిగ్రీల తప్పు ఉందంటే 170 దగ్గర కూడా అంతే ఉంటుందని ఏమీ లేదు. అందుకే పంచదార రంగు దశలో ఆవిడని థర్మామీటర్ పక్కన పెట్టేయమన్నాను, కన్ను, ముక్కు చాలు. దానికోసం గిన్నె మార్చాం, నల్ల నాన్ స్టిక్‌లో ఏ రంగైనా ఒకేలా కనపడుతుంది, అడుగు మందంగా ఉన్న స్టీల్ గిన్నె అయితే అడుగు తెల్లగా ఉంటుంది కాబట్టి రంగు తెలుస్తుంది. దాంతోపాటు ఒక తెల్ల ప్లేటు. చెంచా కొసతో ఒక చుక్క ప్లేటు మీద వేసి చూడాలి, గిన్నెలో లోతుగా ఉన్నప్పుడు కనపడే రంగు వేరు, పల్చగా పడ్డప్పుడు అసలు రంగు వేరు. మొదట చెప్పాపెట్టకుండా లేత పసుపు వస్తుంది, తర్వాత తేనె రంగు, తర్వాత ఎర్రటి గోధుమ, అక్కడ సన్నగా పొగ మొదలవుతుంది, వాసన తియ్యగా ఉన్నది కాస్తా ముక్కు పొడుస్తుంది. ఆ పొగకి ఒక్క నిమిషం ముందు క్రీమ్ పడాలి. గిన్నెలో ఉన్న వేడికి స్టవ్ ఆపాక కూడా రంగు ముదురుతూనే ఉంటుంది, సో మీకు కావాల్సిన రంగుకి ఒక అడుగు ముందే ఆపాలి. క్రీమ్ పడ్డాక కూడా రంగు ఇంకా పెరుగుతుంది, అది వేరే రకం, పాలలో ఉన్న ప్రోటీన్, చక్కెరలు కలిసి వేడికి గోధుమ రంగు తిరగడం, నమిలే కారమెల్ ముక్కలకి ఉండే ఆ కమ్మటి పాల రుచి చాలావరకు అక్కడి నుంచే వస్తుంది. అందుకే క్రీమ్ పడ్డాక హడావిడి పడొద్దు, మధ్యస్థం మంట మీద ఒక పావుగంట పట్టినా పర్లేదు.

పలుకుల సంగతి. పంచదార పాకంలో కరగని గింజ ఒక్కటి మిగిలితే చాలు, దాని చుట్టూ మిగతాదంతా పోగై గిన్నె మొత్తం ఇసక అయిపోతుంది. పానకంలో పుడక అంటాం చూడండి, ఇక్కడ ఆ పుడక పంచదార గింజే. గరిటెతో తిప్పితే పాకం గోడలకి చిమ్ముతుంది, అక్కడ ఆరి గింజ కడుతుంది, మళ్ళీ లోపల పడుతుంది. సో మరగడం మొదలయ్యేదాకా కలపాలి, మొదలయ్యాక గరిటె తీసేయాలి, కావాలంటే గిన్నె పట్టుకుని మెల్లగా తిప్పాలి. తడి బ్రష్‌తో గోడలు తుడిచే పద్ధతి కూడా ఉంది కానీ నాకు అది పడదు, బ్రష్ వెంట్రుకలు పాకంలో పడతాయి, నేనైతే మూత పెట్టి రెండు మూడు నిమిషాలు ఉంచుతాను, ఆవిరే గోడలు కడిగేస్తుంది. ఇంకా పంచదారలో 80 గ్రాములు తీసేసి ఆ మేరకి గ్లూకోజ్ సిరప్ వేయించాను. ఒకే ఆకారం ఉన్న ఇటుకలైతే గోడ లేస్తుంది, మధ్యలో వేరే సైజు రాళ్ళు కలిపేస్తే లేవదు, అంతే దాని పని. నాలుగు చుక్కల నిమ్మరసం కూడా ఇలాంటి పనే చేస్తుంది, పంచదారని కొంత విరగ్గొడుతుంది, కానీ చెయ్యి జారి ఎక్కువ పడితే తర్వాత క్రీమ్ విరుగుతుంది, కొత్తవాళ్ళకి నేను చెప్పను. మూడో బ్యాచ్ పారబోయక్కర్లేదు కూడా, ఇంకో 100 గ్రాములు నీళ్ళు పోసి మొత్తం కరిగించి మొదటి నుంచి మరిగిస్తే సరిపోయేది.

నాలుగో బ్యాచ్ సంగతి వింటే నాకు నిజంగా ప్రాణం ఉసూరుమంది. నెయ్యి తేలిన కారమెల్ పాడైపోయినట్టు కాదు. మంట మరీ ఎక్కువై, లేదా వేడి ఒక్కసారిగా మారి, లేదా నీరు తగ్గిపోయి కొవ్వు పట్టు తప్పింది, అంతే. సిమ్‌లో పెట్టి ఒకటి రెండు పెద్ద చెంచాల వేడినీళ్ళు పోసి నెమ్మదిగా కలుపుతూ ఉంటే మళ్ళీ కలిసిపోతుంది, ఆ పోసిన నీళ్ళు పోయేదాకా మళ్ళీ 118కి తీసుకురావాలి. ఆవిడ ఇంట్లో విరగడానికి కారణం చల్లటి క్రీమ్, ఆ తర్వాత పెట్టిన పెద్ద మంట అని నా అనుమానం, కొవ్వు తక్కువ క్రీమ్ వాటా కూడా కొంత ఉండొచ్చు, సో నా మొదటి సలహా మరీ పూర్తిగా వృథా కాదు అని నన్ను నేను ఓదార్చుకుంటాను. ఇప్పుడు క్రీమ్ వేరే గిన్నెలో వేడి చేసి, స్టవ్ ఆపి, మూడు నాలుగు విడతలుగా పోయిస్తున్నాను.

అప్పుడు కూడా పొంగుతుంది, అందుకే గిన్నె సరుకు కంటే మూడు నాలుగు రెట్లు పెద్దది ఉండాలి, చెయ్యి గిన్నె మీద ఉండకూడదు. నేను ఒకసారి చెంచాకి అంటుకున్న చుక్కని ఆలోచించకుండా వేలితో తీశాను. నీళ్ళయితే జారిపోతాయి, ఇది అంటుకుని అక్కడే ఉండి కాలుస్తుంది. పక్కన చల్లటి నీళ్ళ గిన్నె ఎప్పుడూ ఉండాలి, పడితే వెంటనే ముంచి, తర్వాత కుళాయి కింద ఇరవై నిమిషాలు. పిల్లలు వంటింట్లో ఉన్న రోజు ఈ పని పెట్టుకోవద్దు.

ఆ నీళ్ళ గిన్నె ఇంకో పనికి కూడా వస్తుంది. థర్మామీటర్ చెప్పిన అంకె దగ్గరికి రాగానే ఒక చుక్క చల్లటి నీళ్ళలో వేసి వేళ్ళతో దగ్గరికి తీయాలి. ఉండ కట్టి, బయటికి తీస్తే ఆకారం నిలిచి, నొక్కితే మాత్రం అణగాలి. కరెంటూ బ్యాటరీ అక్కర్లేని పరీక్ష, మన పెద్దవాళ్ళు ఏ ముల్లూ లేకుండా పాకం పట్టింది ఇలాగే కదా. ఆవిడకి ఇది ముందే వచ్చు, ఆశ్చర్యం ఏంటంటే కారమెల్‌కి పనికొస్తుందని తట్టలేదు, ఇది వేరే ఏదో విద్య అనుకుంది. అయిదో బ్యాచ్ రోజు ఈ పరీక్ష చేసుంటే సుత్తి దాకా పోయేది కాదు.

ఆ తర్వాత ఆవిడ ఇంట్లో అయిదు బ్యాచ్‌లు చేసింది. మూడు మంచివి, పేరు పెట్టడానికి లేదు. ఒకటి బానే వచ్చింది కానీ కోసిన ముక్కలు రాత్రంతా ప్లేటులో విడిగా వదిలేసింది, అది ముసురు పట్టిన వారం, తెల్లారేసరికి పైన జిగురు. కారమెల్ గాల్లో తేమ తాగుతుంది, కోసిన వెంటనే ఒక్కొక్కటీ బటర్ పేపర్‌లో చుట్టేయాలి, అదనంగా 2 డిగ్రీలు పైకి పోయినా ఆ వాతావరణంలో మంచిదే. ఇంకొకటి రెండు వారాల తర్వాత లోపల సన్నటి పలుకు తిరిగింది, అడిగితే గ్లూకోజ్ అయిపోయింది, లేకుండానే చేశాను అంది. అది పాడైనట్టు కాదు, తినొచ్చు, కొందరికి ఆ గరగర నచ్చుతుంది కూడా, కానీ ఆవిడకి కావాల్సింది అది కాదు.

సగం బ్యాచ్‌లు ఇప్పుడు చిన్న గిన్నెలో చేస్తోంది, లోతు ఉండేలా.

పోయిన నెల కొత్త డిజిటల్ ప్రోబ్ కొనుక్కుంది. నన్ను ఏదీ అడక్కుండానే ముందు నీళ్ళు తెర్లించి ఫోటో పెట్టింది, 99 అని ఉంది. కింద మెసేజ్: "అయితే 117కి దించేయనా అండి?"

దించేయమన్నాను.